పన్ను కట్టినోడికే ఓటంట!

ఈ మాట ఈ మధ్య మళ్ళీ వినపడుతోంది. ఎన్నికలు అయిపోయి పింఛన్ల గురించో, రేషను బియ్యం గురించో, పోడు పట్టాల గురించో మాట వచ్చినచోటల్లా ఎవరో ఒకరు అంటారు: "పన్నులు కట్టేది మేము, ఓట్లేసి పంచుకునేది వాళ్ళా? ఇన్‌కంటాక్సు కట్టేటోళ్ళకే ఓటుండాలె." ఖమ్మం నుంచి భద్రాచలం పోయే బస్సులో వినొచ్చు, కొత్తగూడెం హోటల్లో వినొచ్చు, మిర్చి యార్డు పక్కన కమీషన్ దుకాణంలోనూ వినొచ్చు. అనేవాళ్ళంతా భూస్వాములేం కాదు. నెల జీతంలో కోత పడే చిన్న ఉద్యోగి కూడా అంటాడు. ఆయన బాధ అబద్ధం కాదు. అయితే ఆ కోపం పోవలసిన చోటికి పోకుండా కూలోళ్ళ మీదికి, కోయోళ్ళ మీదికి మళ్ళుతోంది. అందుకని ఈ వాదనను నవ్వి వదిలెయ్యకుండా ఒకసారి లెక్క తీద్దాం.

2024 పార్లమెంటు ఎన్నికల నాటికి దేశంలో ఓటర్లు 96.8 కోట్ల మంది. 2022–23లో ఆదాయపన్ను రిటర్నులు వేసినవాళ్ళు 7.40 కోట్ల మంది అనీ, అందులో 5.16 కోట్ల మందికి కట్టవలసిన పన్ను సున్నా అనీ కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అంటే నిజంగా పన్ను పడ్డవాళ్ళు రెండుంపావు కోట్లకు మించరు. వాళ్ళకే ఓటు అంటే నూటికి ఇద్దరు ముగ్గురికి ఓటుంటుంది. మిగతా తొంభై ఏడుగురు ఇంటి దగ్గర కూర్చోవాలి. అన్నట్టు, వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వెయ్యకూడదని రాజ్యాంగంలోనే ఉంది. కాబట్టి ఇరవై ఎకరాల మిర్చి వేసి, ఏసీ కోల్డు స్టోరేజిలో బస్తాలు దాచుకునే ఆసామికి కూడా మిర్చి రాబడి తప్ప వేరే ఆదాయం లేకపోతే ఓటు ఎగిరిపోతుంది. పన్ను కట్టినోడికే ఓటని ఆయన అనేటప్పుడు ఈ సంగతి ఆయనకు గుర్తుండదు.

సరే, ఇన్‌కంటాక్సు సంగతి పక్కన పెడదాం. కూలివాడు పన్ను కట్టడం లేదన్న మాట నిజమేనా?

భద్రాచలం పేరు చెబితేనే పన్ను కథ గుర్తొస్తుంది. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహశీల్దారు కంచెర్ల గోపన్న వసూలు చేసిన శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడనీ, అందుకు జైలు పాలయ్యాడనీ పిల్లలకు కూడా తెలుసు. రామదాసు పేరు నిలిచింది, తానీషా పేరూ నిలిచింది. ఆ సొమ్ము కట్టిన పరగణా రైతులెవరో, వాళ్ళు ఎన్ని పుట్ల ధాన్యం కొలిచారో ఏ కథలోనూ లేదు. పన్ను ఎవరు కట్టారన్నది ఎప్పుడూ కథలో ఉండదు, ఎవరు ఖర్చుపెట్టారన్నదే ఉంటుంది.

అక్కడినుంచి తెల్లదొరల కాలానికి వద్దాం. గోదావరికి అటువైపు భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు. ముందు మధ్యరాష్ట్రాల పాలనలో ఉన్నాయి. 1874లో మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాలో కలిపారు. మధ్యరాష్ట్రాల పాలనలో పోడు కొట్టుకునే వాళ్ళకు గొడ్డలికి నాలుగణాల పన్ను ఉండేది. భూమి కొలిచి కాదు, ఇంట్లో ఎన్ని గొడ్డళ్ళుంటే అన్ని నాలుగణాలు! మద్రాసు దొరలు వచ్చాక ఆ పన్నును మూడు రెట్లు చేశారు. కొన్ని చోట్ల అసలు పోడే కొట్టొద్దన్నారు. పక్కనున్న రంప కొండల్లో చెట్టు కల్లు మీద 'చిగురు పన్ను' వేశారు. ఇంట్లో తాగే కల్లుకు కూడా సర్కారు అనుమతి కావాలన్నమాట. 1879లో రంప పితూరీ లేచింది. ఆ మంట రేకపల్లికి, భద్రాచలం అడవికీ పాకింది. దాన్ని అణచడానికి పటాలాలు దించారు.

గొడ్డలి పన్ను కట్టిన ఆ కోయలకు, కొండరెడ్లకు ఎన్ని ఓట్లిచ్చారు? ఒక్కటీ ఇవ్వలేదు. పన్ను కట్టడమే ఓటుకు అర్హత అయితే వాళ్ళు అందరికన్నా ముందే ఓటర్లు కావాలి. ఈ ఒక్క సంగతితోనే అసలు గుట్టు బయటపడుతోంది. 'పన్ను కట్టేవాళ్ళకే ఓటు' అన్నప్పుడు పాలకుల దృష్టిలో ఉండేది పన్ను కాదు, రశీదు. ఏ పన్నుకు రశీదు ఇస్తారో ఆ పన్ను కట్టేవాడే మనిషి. చెమటతో కట్టినా, వెట్టితో కట్టినా, గొడ్డలి మీద కట్టినా లెక్కలోకి రాదు.

ఓటు సంగతి మొదటిసారి గట్టిగా వచ్చింది 1919 చట్టంతో. ఇక్కడొక విచిత్రం చూడండి. అంతకు ఏడాది ముందే, 1918లో, ఇంగ్లండులో వయసొచ్చిన మగవాళ్ళందరికీ ఆస్తితో సంబంధం లేకుండా ఓటిచ్చారు. గని కార్మికుడికీ ఓటే, పాలేరుకూ ఓటే. ఆ మరుసటి ఏడాదే మనకు వచ్చేసరికి మాత్రం శిస్తు ఎంత కడతావు, భూమి మీద ఎంత వస్తుంది, మునిసిపల్ పన్ను ఎంత అని కొలబద్ద తీశారు. దేశ జనాభాలో నూటికి ముగ్గురికి ఓటొచ్చింది. పైన మనం తీసిన లెక్క గుర్తుందా? ఈనాడు ఇన్‌కంటాక్సు వాళ్ళకే ఓటంటే మిగిలేది దాదాపు ఆ ముగ్గురే. నూరేళ్ళ నాటి చట్టాన్ని అటకమీద నుంచి దించి దుమ్ము దులిపి కొత్త వాదనగా అమ్ముతున్నారన్నమాట.

మన ఏజన్సీకి ఆ ముగ్గురి వాటా కూడా సరిగా దక్కలేదు. 'వెనుకబడిన ప్రాంతం' అని ముద్రవేసి చట్టసభలకు దూరంగా ఉంచారు. 1935 చట్టంలో ఆ ముద్ర పేరు మారింది, 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతం' అన్నారు. 1937 ఎన్నికలప్పుడు దేశం మొత్తం మీద మూడు కోట్ల మందికి ఓటుంది. 215 సీట్లున్న మద్రాసు శాసనసభలో వెనుకబడిన ప్రాంతాలకు, తెగలకు కలిపి ఇచ్చింది ఒక్కటంటే ఒక్క సీటు. ఆడవాళ్ళలో చాలామందికి ఓటు వచ్చింది కూడా మొగుడి ఆస్తిని బట్టి, మొగుడి పన్నును బట్టి. శిస్తు కట్టే ఆసామి భార్యకు ఓటు, ఆయన పొలంలో నాట్లేసిన కూలి మనిషికి లేదు.

గోదావరికి ఇటువైపు ఖమ్మం, ఇల్లెందు, పాల్వంచ, బూర్గంపాడు నిజాం రాజ్యం కింద ఉన్నాయి. ఇక్కడ ఓటు సంగతి ఇంకా అన్యాయం. జనానికి జవాబు చెప్పే ప్రభుత్వమే లేదు. వెట్టి మాత్రం ఉంది. దొర గడీకి కట్టెలు మొయ్యడం, అధికారి వస్తే సామాను మొయ్యడం, పైసా లేకుండా పొలం దున్నడం, ఇదంతా ఒంటితో కట్టిన పన్ను కాక మరేమిటి? ఈ పన్నుకు రశీదు పుస్తకం ఏ పట్వారీ దగ్గరా లేదు.

పన్నును బట్టి ఓటు ఇస్తే ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే జర్మనీలో ప్రష్యా కథ చూడాలి. 1849 నుంచి 1918 దాకా అక్కడ మూడు తరగతుల ఓటు నడిచింది. వచ్చిన పన్ను మొత్తాన్ని మూడు సమాన భాగాలు చేసేవాళ్ళు. మొదటి భాగం కట్టిన కొద్దిమంది ధనికులు మొదటి తరగతి. రెండో భాగం కట్టినవాళ్ళు రెండో తరగతి. మిగతా జనసముద్రమంతా మూడో తరగతి. ఒక్కో తరగతికి సమానంగా మూడోవంతు బలం. ఎస్సెన్ పట్టణంలో తుపాకులు, ఫిరంగులు చేసే క్రుప్ కంపెనీ యజమాని ఒక్కడే మొదటి తరగతిలో మిగిలిన రోజులున్నాయి. అంటే ఆయన ఒక్కడూ కుర్చీలో కూర్చుని పట్టణ సభలో మూడోవంతు మందిని ఎన్నుకునేవాడు. ఆయన ఫ్యాక్టరీ కార్మికులు వేలమంది కలిసి ఇంకో మూడోవంతును! దీన్ని మన సత్తుపల్లికో, మణుగూరుకో తెచ్చి ఊహించుకోండి. ఏ కాంట్రాక్టరు ఒక్కడే మొదటి తరగతిలో కూర్చుంటాడో మీకే తెలుసు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తలపన్ను పెట్టారు. అది కడితేనే ఓటు. మొత్తం పెద్దది కాదు, ఒకటి రెండు డాలర్లు. కానీ పత్తి చేలల్లో కౌలుకు పనిచేసే నల్లవాళ్ళకు, బీద తెల్లవాళ్ళకు ఆ డాలరే కొండ. దేశస్థాయి ఎన్నికల్లో దాన్ని 1964లో రాజ్యాంగ సవరణతో తీసేశారు. రాష్ట్ర ఎన్నికల్లో 1966లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దేశం ఆ పని అంతకు ముందే చేసింది. రాజ్యాంగం 326వ అధికరణం ఓటుకు పెట్టిన షరతు ప్రధానంగా వయసు ఒక్కటే. మొదట 21 ఏళ్ళు, 1989 నుంచి 18. ఆ రాజ్యాంగం రాసిన సభను ఎన్నుకున్నవి రాష్ట్రాల శాసనసభలు. ఆ శాసనసభలను 1946లో ఎన్నుకున్నది పాత ఆస్తి ఓటర్లే. ఆస్తి ఓటుతో పుట్టిన సభ ఆస్తి ఓటును రద్దు చెయ్యక తప్పలేదు. ఎందుకు తప్పలేదు? వాళ్ళ దయ కాదు. తెలంగాణలో రైతాంగ పోరాటం సాగుతున్న రోజులవి. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళుగా రైతులూ కూలీలూ కార్మికులూ వీధుల్లోకి వచ్చిన దేశం ఇది. ఓటు లేదని వాళ్ళకు చెప్పే ధైర్యం ఎవరికుంది?

1952 ఎన్నికల్లో భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉంది, ఖమ్మం హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో. కానీ ఓటు మాత్రం గోదావరి రెండు గట్లకూ ఒకేసారి వచ్చింది. వెట్టి చేసినవాడు, దొర ఒకే వరుసలో నిలబడ్డారు. ఖమ్మం జనం పీడీఎఫ్ అభ్యర్థి టి.బి. విఠల్‌రావును పార్లమెంటుకు పంపారు. ఆ తర్వాత కాలంలో భద్రాచలం గిరిజనులు తమలాంటి గిరిజనుణ్ణే, బస్సులో వచ్చి బస్సులో పోయే మనిషినే శాసనసభకు పంపారు. 1985, 1989, 1994లలో కుంజా బొజ్జి, 1999, 2004, 2014లలో సున్నం రాజయ్య. పట్టాదారు ఓటే ఉండి ఉంటే, పోడు సాగుదార్ల ఓట్లతో ఈ ఇద్దరూ అసెంబ్లీ గుమ్మం ఎక్కేవాళ్ళా?

ఇప్పుడు ఈనాటి పన్నుల సంగతి చూద్దాం. ఏప్రిల్, మే ఎండల్లో తునికాకు కోస్తారు. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్పాలి. కట్ట పలుచగా ఉందనో, ఆకు ముదిరిందనో కల్లేదారు పక్కకు నెట్టినా నోరెత్తలేరు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ ఆకు మీద 18 శాతం పన్ను వేశారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2025 సెప్టెంబరులో, 5 శాతానికి తగ్గించారు. కాగితం మీద ఆ పన్ను కట్టేది కొనేవాడే. అయితే కొనేవాడు దాన్ని ఇంటి నుంచి తెచ్చి కడతాడా? పన్నెంత, రవాణా ఎంత అని ముందే లెక్క వేసుకుని, మిగిలినదాన్ని బట్టే ఆకు రేటు పాడతాడు. రశీదు ఆయన పేరున ఉంటుంది, పన్ను ఆకు కోసిన ఆడకూతురి రెక్కల్లోంచి పోతుంది.

ఇంకా ఉన్నాయి. సెల్‌ఫోనుకు 200 రూపాయల రీఛార్జి చేయిస్తే అందులో 30 రూపాయలు పన్నే. కోటీశ్వరుడు చేయించినా 30, కూలి మనిషి చేయించినా 30. ఆయనకది లెక్కలోకి రాదు, ఈమెకది ఒక పూట కూర ఖర్చు. సబ్బు, చెప్పులు, టార్చిలైటు బ్యాటరీ, పొలం మందు డబ్బా, ఆటో తాగే డీజిలు, అన్నిట్లోనూ పన్నుంది. బెల్టు షాపు సీసాలో ఎంతుందో చెప్పక్కర్లేదు. రాష్ట్ర ఖజానాకు అదొక పెద్ద చెయ్యి. మగాళ్ళు ఆ సీసా మానేస్తే ఇంటికి మంచిదే, ఆ మాట వేరే రోజు చెప్పుకుందాం.

ఇక అసలు జాగ్రత్త పడవలసిన చోటికి వద్దాం. ఎవరూ పార్లమెంటులో బిల్లు పెట్టి 'పన్ను కట్టనివాడికి ఓటు లేదు' అనరు. అంత ధైర్యం చెయ్యరు. పాత కొలబద్ద పక్క దారుల్లో వస్తోంది.

పంచాయతీ ఎన్నికలే తీసుకోండి. ఓటు వెయ్యడానికి ఇంటిపన్ను రశీదు అక్కర్లేదు. నిలబడాలంటే మాత్రం పంచాయతీకి బకాయి ఉండకూడదు. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల ఎన్నికలు జరిగినప్పుడు కూడా ఇదే రూలు. పైసలున్నవాడు నామినేషన్ రోజు పొద్దున కట్టేసి రశీదు జేబులో పెట్టుకుంటాడు. వార్డు సభ్యురాలిగా నిలబడాలనుకున్న కూలి మనిషి అప్పు కోసం ఊరంతా తిరగాలి. మన కార్యకర్తలు ఒక సంగతి గమనించాలి. బకాయి ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. బిల్లో నోటీసో ఆ మనిషికి సక్రమంగా అందించి, అందులో చెప్పిన గడువు దాటిపోయి ఉండాలి. నోటీసే ఇవ్వకుండా నామినేషన్ రోజున పాత బాకీ చూపి బెదిరించే వాళ్ళుంటే, నోటీసు అందినట్టు సంతకం ఎక్కడుందో చూపించమని అడగాలి.

హర్యానాలో ఇంకా ముందుకు పోయారు. పంచాయతీకి నిలబడాలంటే చదువు ఉండాలి, ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, సహకార సంఘం అప్పు, కరెంటు బిల్లు బాకీ ఉండకూడదని 2015లో చట్టం చేశారు. ఆ ఏడాది డిసెంబరు 10న సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పిచ్చింది. బ్యాంకులకు వేల కోట్లు ఎగ్గొట్టిన వాళ్ళ సంగతి అడిగే చట్టం కాదది, కరెంటు బిల్లు కట్టలేని పల్లె ఆడమనిషిని ఆపే చట్టం. రాజస్థాన్‌లో కూడా చదువు షరతు పెట్టారు కానీ 2019లో ప్రభుత్వం మారాక తీసేశారు.

పాలేరు, వైరా ఆయకట్టు వాళ్ళకు నీటి సంఘాల సంగతి తెలుసు. 1997 చట్టం ప్రకారం ఆ సంఘంలో ఓటు భూమి లెక్క మీద ఉంటుంది. కాలువ కింద నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసే కూలీలకు ఆ నీటి మీద ఓటు లేదు. నీళ్ళు ఆలస్యంగా వదిలితే మొదట పని పోయేది ఎవరికి? సహకార పరపతి సంఘాల్లోనూ అంతే. వాటా ధనం కట్టిన సభ్యుడికే ఓటు, సభ్యత్వం ఎక్కువగా పాసుపుస్తకం చుట్టూ తిరుగుతుంది. కౌలుదారు గట్టు మీదే నిలబడి చూడాలి.

మూడో దారి కాగితం దారి. 2025లో బీహారులో ఓటర్ల జాబితాను ప్రత్యేకంగా సవరించారు. ముసాయిదాలో 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. చూపించమన్న పదకొండు రకాల పత్రాల్లో మొదట ఆధార్ లేదు, సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాకే పన్నెండోదిగా చేర్చారు. ఆ పదకొండులో అటవీ హక్కు పత్రం ఒకటుంది. అది చదివి మన అడవి వాళ్ళు కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. 2023లో తెలంగాణలో లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. మరి దరఖాస్తు పెట్టి పట్టా రానివాళ్ళు? 2005 తర్వాత సల్వా జుడుం దాడులకు తట్టుకోలేక ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవుల్లోకి వచ్చిన గొత్తికోయలు? వాళ్ళకు ఇక్కడ గిరిజనులన్న గుర్తింపు కాగితమే దొరకడం లేదు, గుడిసెలు పీకేస్తే మళ్ళీ వేసుకుంటున్నారు. ఆస్తి అర్హత పేరు మార్చుకుని కాగితం అర్హతగా వస్తోందని మనం అంటున్నది ఇందుకే.

ఓటుంటే అన్నీ అయిపోతాయనీ కాదు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం జనం 2014 ఏప్రిల్ 30న తెలంగాణ శాసనసభకు ఓటేశారు. జులైలో పార్లమెంటు వాళ్ళను పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిపేసింది. 2019 దాకా వాళ్ళున్న రాష్ట్రపు అసెంబ్లీలో వాళ్ళు ఎన్నుకున్న సభ్యుడు లేడు. తునికాకు రేటు పైసల నుంచి రూపాయల్లోకి వచ్చింది కూడా సమ్మెల వల్లే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం లాంటిది పార్లమెంటులో పాసు కావాలంటే, అడవిలో ఓట్లు ఉన్నాయన్న భయం ఢిల్లీలో ఉండాలి. ఆ భయం పోగొట్టుకోవాలనే ఈ పన్ను వాదన.

ఇక చెయ్యవలసిన పని. ఓటరు నమోదు దరఖాస్తు ఫారం 6లో పన్ను రశీదు అడగరు, పట్టా అడగరు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను ఇంకో మంచి మాట చెబుతుంది. ఒక ఊళ్ళో ఇల్లున్నంత మాత్రాన అక్కడి ఓటరు కాడు, మామూలుగా అక్కడ నివసించడమే ముఖ్యం. హైదరాబాదులో కాపురం ఉంటూ ఊళ్ళో మిద్దె చూపించేవాడి కన్నా, చెట్టు కింద గుడిసెలో ఏడాదంతా ఉండేవాడికే హక్కు బలంగా ఉందన్నమాట. ఇల్లే లేనివాళ్ళ విషయంలో బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి అక్కడ పడుకుంటున్నాడో లేదో చూసి రాసుకోవాలని ఎన్నికల కమిషన్ నిబంధన ఉంది.

మనవాళ్ళ పేర్లు ఎక్కువగా పోయే ప్రమాదం వలసలో ఉంది. మిర్చి కోతకు ఇంటిల్లిపాదీ పోతారు, తర్వాత ఆకు కోతకు పోతారు. ఆ రోజుల్లో బూత్ అధికారి వచ్చి తాళం చూసి 'వలస పోయారు' అని రాసుకుని పోతే, తిరిగొచ్చేసరికి పేరుండదు. జాబితా సవరణ జరిగే నెలలో గూడేనికి ఒకరు చొప్పున ఇంటి దగ్గర ఉండే మనిషిని సంఘం ఇప్పుడే అనుకుని పెట్టుకోవాలి. పేరు తీసెయ్యమని ఎవరైనా ఫారం 7 పెడితే ఆ మనిషికి నోటీసు ఇవ్వాలి. నోటీసు తడికకు గుచ్చి పోయినా దాన్ని చదివి, గడువు లోపల తాలూకా ఆఫీసుకు తీసుకుపోయేవాడు ఊళ్ళో ఉండాలి.